పదమూడు పన్నెండు కంటే ఎక్కువా?

పదమూడు పన్నెండు కంటే ఎక్కువా కాదా అన్న సంగతి తేల్చడానికి వాగుల వరద హెచ్చరికల కార్పొరేషన్‌కి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పటికీ తేల్చలేదు. తేలేదాకా పన్నెండుని పన్నెండుగానూ, పదమూడుని పెండింగ్‌గానూ పరిగణించాలని మాత్రం ఒక ఉత్తర్వు వేసింది.

ఈ పద్నాలుగు నెలలూ ఆ ఫైలు వెనక తిరిగిన మనిషి హైమావతి. కార్పొరేషన్ కంట్రోల్ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. లెక్క తప్పితే ఊరుకునే రకం కాదు. మనుషులు తప్పితే ఊరుకోవడం మాత్రం ఉద్యోగంలో చేరాక కొద్దికొద్దిగా నేర్చుకుంది, అదీ పూర్తిగా పట్టుబడలేదు.

సంగతి ఇదీ. రిజర్వాయరు గేట్లు ఎత్తే ముందు కింది ఊళ్లలో సైరన్ మోగాలి. ఏటి పొడుగునా అరవై మూడు చోట్ల స్తంభాలు పాతారు. ప్రతి స్తంభానికీ ఒక పెట్టె, పెట్టె మీద సైరన్, పక్కన సోలార్ పలక, కింద బ్యాటరీ. బ్యాటరీ ఆదా కోసం పెట్టె ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. రిజర్వాయరు నుంచి సిగ్నల్ రాగానే లేస్తుంది. అందులో అందరికంటే ముందు లేచేది బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం. అది అన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూసుకుని అసలు ప్రోగ్రాంని లేపుతుంది. అసలు ప్రోగ్రాం లేచి సైరన్ మోగిస్తుంది.

ఆ చూసుకోవడం కోసం బూట్‌లోడర్‌లో ఒక కమాండ్ షెల్ ఉంది. పది ఆదేశాలు అర్థం చేసుకునే పాటి బుర్ర దానిది. రెండు అంకెలు ఇస్తే అవి సమానమో కాదో చెబుతుంది. ఏది ఎక్కువ, ఏది తక్కువ అంటే చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. పెట్టెలు చేసిచ్చినవాళ్లు 'బ్యాటరీ పన్నెండు ఓల్టులకి సమానమైతే లేపు' అని ఒక్క షరతు రాసి చేతులు దులుపుకున్నారు. వాళ్లు పరీక్ష పెట్టిన వారమంతా మబ్బు పట్టి ఉంది. పన్నెండే చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎండ బాగా కాసిన రోజున బ్యాటరీ పదమూడు చూపిస్తుంది. పదమూడు పన్నెండుకి సమానం కాదు. కాబట్టి బ్యాటరీ నిండుగా ఉన్న రోజున పెట్టె లేవదు.

ఈ విడ్డూరం హైమావతికి దిబ్బవలసలో తెలిసింది. అక్కడిది నలభై రెండో స్తంభం. దాని కాపలాదారు గౌరీసు, యాభై దాటిన మనిషి. ఆమె వెళ్లేసరికి పట్టపగలు, మండుటెండలో, పెట్టెకి ఒక బల్బు వేలాడదీసి వెలిగించి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పగటేళ బల్బెందుకు గౌరీసూ?" అంది.

"ఏటి సెయ్యమంటారమ్మా! ఈ పెట్టి కడుపు నిండితే లెగదు. కూసింత ఆకలి మీదుంటేనే లెగుస్తాది. అందుకని రోజూ గంటసేపు బల్బు ఎలిగించి పన్నెండుకి దింపుతాను. మరీ దిగిపోనాదంటే పదకొండు అయిపోద్ది, అప్పుడూ లెగదు. కళ్లల్లో వొత్తులేసుకుని సూడాల."

"ఎవరు చెప్పారు నీకిది?"

"సెప్పడానికి ఎవులున్నారు? రెండుసార్లు గేట్లెత్తీసినారు, రెండుసార్లూ ఇది పడుకునే ఉంది. మూడోసారికి నాకే తెలిసింది."

"ఏ రోజైనా బల్బు వెలిగించడం మరిచిపోతే?"

గౌరీసు ఏటి వైపు చూశాడు. ఏటి నడుమ పెద్ద దిబ్బ, దిబ్బ నిండా పచ్చగడ్డి. కొంగులు బిగించి, మోకాటి లోతు నీళ్లు దాటి వెళ్లి, ఆడవాళ్లు వంగి గడ్డి కోస్తున్నారు. గేట్లెత్తితే అరగంటలో ఆ దిబ్బ కనపడదు.

"ముప్పై ఎనిమిది మంది ఎల్తారు రోజూ" అన్నాడు గౌరీసు. "ఎల్లినప్పుడు లెక్కెడతాను, వొచ్చినప్పుడు లెక్కెడతాను. అదిగో, ఆ ఎర్రకోక మా ఇంటిది, పారమ్మ. అమ్మా, మీరు సదువుకున్నోరు. పదమూడంటే పన్నెండు కన్నా పెద్దదే కదా? మరి ఈ పెట్టికి ఆ మాత్రం తెల్దా?"

హైమావతికి తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకి తిరిగొచ్చి రెండు రోజులు కూర్చుని, ఆ షెల్‌కి 'కంటే ఎక్కువ' అన్న పోలిక నేర్పింది. మొత్తం పదకొండు లైన్లు. 'బ్యాటరీ పదకొండు కంటే ఎక్కువైతే లేపు.' బల్ల మీద పెట్టి నూరుసార్లు పరీక్షించింది, నూరుసార్లూ పెట్టె లేచింది. ఒక స్తంభం దగ్గర ట్రయల్ చేసుకోవడానికి ఎలాగో అనుమతి సంపాదించి, దిబ్బవలస పెట్టెలో అది ఎక్కించి వచ్చింది. మిగతా అరవై రెండింటికీ ఎక్కించడానికి ఫైలు పెట్టింది.

ఫైలు పరిపాలనాధికారి దక్షిణామూర్తి దగ్గర ఆగింది. దక్షిణామూర్తి సంస్థ నిబంధనలన్నీ కంఠతా పట్టిన మనిషి. ఏటిని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"అమ్మా, పదమూడు పన్నెండు కంటే ఎక్కువని వ్యక్తిగతంగా నేను కాదనను" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇంట్లో అయితే ఒప్పుకుంటాను కూడా. కానీ సంస్థాపరంగా దీన్ని ఎవరు నిర్ణయించారు?"

"నిర్ణయించడమేమిటి సార్? అది లెక్క."

"లెక్క నిర్ణయించదు, అధికారి నిర్ణయిస్తాడు. సమానం అన్నారనుకోండి, ఇబ్బంది లేదు. సమానమో కాదో అటెండరు కూడా చూడవచ్చు. ఎక్కువ తక్కువలు అనేసరికి అది విచక్షణాధికారం కిందికి వస్తుంది. అధికారాల బదలాయింపు ఉత్తర్వు ప్రకారం మన దగ్గర విచక్షణ సూపరింటెండింగ్ ఇంజనీరు స్థాయి నుంచి మొదలవుతుంది. మీ బూట్‌లోడర్‌ది ఏ కేడరు?"

"అది ప్రోగ్రాం సార్!"

"మీ నోట్‌లో మీరే రాశారు. 'అందరికంటే ముందు లేచి, అన్నీ చూసి, అసలు ప్రోగ్రాంని లేపును' అని. మన ఆఫీసులో అందరికంటే ముందొచ్చి తలుపులు తీసేది ఎవరు?"

హైమావతి గుమ్మం వైపు చూసింది. "అటెండరు" అంది, అనక తప్పక.

"అదీ సంగతి. అటెండరు తలుపు తీస్తాడు. లోపల కూర్చున్నవాళ్లలో ఎవరెక్కువో తేల్చడు."

"సార్, అక్కడ ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు..."

"వారి విషయమై సంస్థకి పూర్తి సానుభూతి ఉంది. మధ్యంతర ఉపశమనం పరిశీలిస్తాం."

పరిశీలించారు కూడా. నెల తిరగకుండా అరవై మూడు స్తంభాలకీ 'ఓల్టేజి సమీకరణ దీపం' అనే పేరుతో తలా ఒక బల్బు మంజూరైంది. గౌరీసు నాటు ఉపాయం సంస్థ విధానమై కూర్చుంది. బల్బుతోపాటు ఒక రిజిస్టరు ఇచ్చారు. అందులో మూడు గడులు. తేదీ, వెలిగించినది, ఆర్పినది. రోజూ నింపాలి, ఖాళీ వదిలితే చర్య తీసుకుంటారు.

దిబ్బవలస పెట్టెకి బల్బు అక్కర్లేదు. పదమూడు చూపించినా హాయిగా లేస్తోంది. గౌరీసు బల్బుని పశువుల పాకలో పెట్టుకున్నాడు. కానీ రిజిస్టరు ఖాళీగా వదలకూడదు. ఏం రాయాలో తెలియక, తనకి తెలిసిన లెక్క రాశాడు. 'వెలిగించినది' గడిలో దిబ్బకి వెళ్లినవాళ్లు, 'ఆర్పినది' గడిలో తిరిగొచ్చినవాళ్లు. 38, 38. తనిఖీకి వచ్చినవాళ్లు గడులు నిండి ఉండడం చూసి సంతోషించి సంతకాలు చేసి వెళ్లారు.

ఇంతలో డైరెక్టరు త్రివిక్రమరావు మూడు రోజుల సదస్సుకి వెళ్లి, మెడలో ట్యాగుతోనూ బుర్రలో కొత్త మాటతోనూ తిరిగొచ్చాడు. ఆ మాట 'యంత్ర వివేకం'. వచ్చిన మర్నాడే అన్ని సెక్షన్లనీ సమావేశపరిచాడు.

"మిత్రులారా! మన పెట్టెలు ఇన్నాళ్లూ గుడ్డిగా లేచాయి. ఇకపై వివేచించి లేస్తాయి. కంట్రోల్ సెక్షన్ అమ్మాయి ఏదో కొత్త పోలిక నేర్పాలని ఫైలు పెట్టిందట. ఒక్క పోలిక ఎందుకు? షెల్‌ని సమూలంగా విస్తరిద్దాం. 'మరియు', 'లేదా', 'కాని యెడల', బ్రాకెట్లు, బ్రాకెట్లలో బ్రాకెట్లు! ఎంత పెద్ద షరతైనా మదింపు చేయాలి. దేశంలో ఇంతటి వివేకం గల బూట్‌లోడర్ మరొకటి ఉండకూడదు."

హైమావతి ప్రాణం లేచొచ్చింది. "సార్, 'కంటే ఎక్కువ' కూడా ఉంటుంది కదా?"

డైరెక్టరు దక్షిణామూర్తి వైపు చూశాడు.

"అది వేరే ఫైలు" అన్నాడు దక్షిణామూర్తి. "విచారణలో ఉంది. అది తప్ప మిగతావన్నీ చేయవచ్చు."

తర్వాత ప్రతి సెక్షనూ తన షరతు ఇవ్వాలని కబురు వెళ్లింది. ఇవ్వకపోతే తమ సెక్షన్‌కి పని లేదనుకుంటారని అందరూ ఎగబడి ఇచ్చారు. ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్లు 'కాపలాదారు హాజరు వేసుకున్నాడా?' అన్నారు. స్టోర్స్ వాళ్లు 'పెట్టె సీలు చెక్కుచెదరకుండా ఉన్నదా?' అన్నారు. శిక్షణ విభాగం 'సైరన్ వినబోయేవారు సైరన్ వినుటలో శిక్షణ పొందియున్నారా?' అంది. ప్రణాళిక విభాగం వారిది అందరినీ మించింది. 'రాబోవు వరద, వార్షిక వరద ప్రణాళికలో చేర్చబడినదేనా?'

"ఇవన్నీ పెట్టెకి ఎలా తెలుస్తాయి సార్?" అని అడిగింది హైమావతి.

"కాపలాదారు చెబుతాడు. తెర మీద ప్రశ్న వస్తుంది, అవుననో కాదనో మీట నొక్కుతాడు. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటినుంచి. వివేకానికి తొందర పనికిరాదు" అన్నాడు డైరెక్టరు.

మొత్తం నలభై ఒక్క షరతులు తేలాయి. బ్యాటరీ పన్నెండుకి సమానమా అన్నది నలభై ఒకటో షరతు. సాంకేతిక విభాగం కదా, చివర్లో పిలిచారు.

హైమావతి పళ్లు కొరుక్కుంటూ అదంతా రాసింది. రాస్తే పెట్టెలోని చిప్‌లో చోటు చాల్లేదు. ఈ చిక్కుతోనైనా అందరి బుద్ధీ దారికొస్తుందని ఆశపడి వెళ్లి చెప్పింది.

"అందులో ఇంకేమున్నాయి?" అన్నాడు దక్షిణామూర్తి.

"సైరన్ మోగించే అసలు ప్రోగ్రాం సార్."

"అది ఏడాదికి ఎన్నిసార్లు వాడతారు?"

"గేట్లెత్తినప్పుడు. నాలుగైదుసార్లు."

"ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు."

"షరతుల మదింపు?"

హైమావతికి అతను ఎటు తీసుకెళ్తున్నాడో అర్థమై ఒళ్లు మండింది. "పెట్టె లేచినప్పుడల్లా. పది నిమిషాలు పడుతుంది."

"మరి ఏది ప్రధానమో మీరే చెప్పండి! తక్కువ వాడేదాన్ని తాత్కాలికంగా తొలగించండి. మదింపు నిర్విఘ్నంగా జరగనివ్వండి. సైరన్ ప్రోగ్రాం మలిదశలో విడిగా సరఫరా చేద్దాం."

"సార్, సైరన్ మోగించడం కోసమే కదా ఈ సంస్థ ఉన్నది!"

"కాదమ్మా" అన్నాడు దక్షిణామూర్తి, జాలిగా. "మోగవచ్చునో లేదో చూడటం కోసం. మోగించడం ఎవరైనా చేస్తారు."

హైమావతి నాలుగు పేజీల అభ్యంతరం రాసిచ్చింది. 'అధికారిణి ఉత్సాహం ప్రశంసనీయం' అని రాసి ఫైల్లో కట్టేశారు. నలభై ఒక్క ప్రశ్నలూ అయ్యాక ఏం చేయాలో పెట్టెకి ఏమీ మిగల్లేదు గనక, చివర 'షరతులు మదింపు చేయబడినవి, ధన్యవాదములు' అని చూపించి పడుకునే ఏర్పాటు చేశారు.

కొత్త పెట్టెలు బిగించే పని మొదలైంది. దిబ్బవలస వంతు వచ్చేసరికి ఒక అడ్డం తగిలింది. ఆ పెట్టె ట్రయల్‌లో ఉంది. ట్రయల్ ముగిసినట్టు ఉత్తర్వు లేదు. ముగియని ట్రయల్ మీద చెయ్యి వేయకూడదని నిబంధన. ముగించమని ఫైలు హైమావతి దగ్గరికి పంపారు.

ఆమె ఆ ఫైలు విప్పింది. ఎనిమిదేళ్లుగా ఈ ఆఫీసు తనకి ఏం నేర్పిందో ఆ క్షణాన అర్థమైంది. కలం తీసి రాసింది. 'ట్రయల్ ముగించుటకు ముందు, ట్రయల్ ప్రారంభమైన తేదీని ఏ తేదీ నుంచి లెక్కించవలెనో స్పష్టత కోరడమైనది.' ఫైలు మూడు నెలలు తిరిగి స్పష్టతతో వచ్చింది. అప్పుడు రాసింది. 'సదరు స్పష్టత దిబ్బవలసకు వర్తించునా, లేక అన్ని ట్రయళ్లకూ వర్తించునా?' ఫైలు మళ్లీ వెళ్లింది. ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది, ఎర్రకోక గుర్తొచ్చి ఆ రోత దిగమింగింది. పనిమంతురాలైందని దక్షిణామూర్తి మొదటిసారి ఆమెని మెచ్చుకున్నాడు.

శ్రావణంలో ఒకరోజు పైన కొండల్లో విపరీతంగా వాన కురిసింది. కింద ఒక్క చినుకు లేదు, కళ్లు చెదిరే ఎండ. ఉదయం పదింటికి గేట్లెత్తుతున్నట్టు రిజర్వాయరు నుంచి సిగ్నల్ వెళ్లింది. కంట్రోల్ రూం గోడ మీద అరవై మూడు దీపాల బోర్డు ఉంది. ఎక్కడ సైరన్ మోగితే అక్కడి దీపం వెలుగుతుంది. హైమావతి దాని ముందు నిలబడింది.

ఒకే ఒక్కటి వెలిగింది. నలభై రెండు.

ఫోను అందుకుని ఒక్కొక్క స్తంభానికీ చేయడం మొదలుపెట్టింది.

"ఆగండి మేడం, ఇరవై మూడో ప్రశ్నలో ఉన్నాను" అన్నాడు ఒకడు.

"రెండోసారి మేడం, నలభై ఒకటి దాకా ఎల్లి పదమూడని మళ్లీ మొదటికొచ్చీసింది. బల్బు ఎలిగించమంటారా?" అన్నాడు ఇంకొకడు.

"నాది అయిపోనాది మేడం! అన్నీ అవునే! ధన్యవాదాలు సెప్పింది" అన్నాడు మూడోవాడు, సంబరంగా.

"ధన్యవాదాలు ఏట్లో కలవనీ! పెట్టె వదిలేసి పరిగెత్తు! ఏటి ఒడ్డున నిలబడి నోరు పగిలేలా కేకలెయ్! గిన్నె దొరికితే గిన్నె వాయించు!"

అందరికీ అదే చెప్పింది. గొంతు బొంగురుపోయింది. ఆఖర్న దిబ్బవలసకి చేసింది. అవతల సైరన్ హోరులో గౌరీసు మాట సగమే వినపడింది.

"...సైరన్ ఇనగానే కొడవళ్లు ఒగ్గీసి వొచ్చీసినారమ్మా. లెక్కెట్టినాను. రెండుసార్లు లెక్కెట్టినాను. ముప్పై ఎనిమిది. పారమ్మ సివర్న వొచ్చింది, మోపు ఒదల్నంటాది!"

హైమావతి ఫోను పెట్టేసి, కుర్చీలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆరోజు ఏరు పదకొండు గేదెల్నీ, ఏడు కొత్త పెట్టెల్నీ పట్టుకుపోయింది. గిన్నెల చప్పుడు పుణ్యాన మనుషులు మిగిలారు. 'ప్రాణనష్టం శూన్యం. యంత్ర వివేకం ఫలితాలనిస్తున్నది' అని డైరెక్టరు ప్రకటన ఇచ్చాడు. గేదెలు శిక్షణ పొందినవి కావని శిక్షణ విభాగం వివరణ ఇచ్చింది.

వారానికి హైమావతికి మెమో వచ్చింది. అరవై రెండు స్తంభాలు నిబంధనల ప్రకారం నిశ్శబ్దంగా ఉండగా, నలభై రెండో స్తంభం ఒక్కటే ఎందుకు మోగింది? బ్యాటరీ పదమూడు ఉండగా, అది పన్నెండు కంటే ఎక్కువని ఎవరి అనుమతితో నిర్ణయించడమైనది? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

మూడు రోజులు అక్కర్లేకపోయింది. హైమావతి దిబ్బవలస వెళ్లి, గౌరీసు దగ్గర ఆ రిజిస్టరు తీసుకుని, దానికి ఒక కాగితం జతచేసి పంపింది.

'సూచిక: ఓల్టేజి సమీకరణ దీపం రిజిస్టరు, నలభై రెండో స్తంభం, సదరు తేదీ. దిబ్బకు వెళ్లినవారు 38. తిరిగి వచ్చినవారు 38. ఏది ఎక్కువో ఏది తక్కువో నేను నిర్ణయించలేదు. రెండూ సమానం. సమానమో కాదో చూసే అధికారం అటెండరుకు కూడా ఉన్నదని పరిపాలనాధికారి గారు సెలవిచ్చి ఉన్నారు. కావున ఒకసారి తమరే చూడవలసినదిగా మనవి.'

దక్షిణామూర్తి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎంత వెతికినా రెండు గడుల్లోనూ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పచ్చ ఇంకు కలం తీసి, మార్జిన్‌లో రాశాడు.

'సమానమే. అయితే దీపం వెలిగించిన దాఖలా ఎక్కడా లేదు. కాపలాదారు నుంచి సంజాయిషీ కోరవలెను.'